ఎర్రకొయ్య మీదే పలికే చిలక

అనగనగా, ఒకరి మాట ఇంకొకరికి చేరాలంటే మనిషైనా నడవాలి, పక్షైనా ఎగరాలి అన్న కాలంలో, నీలవేణి అనే నదికి రెండు ఒడ్డులా ఒకే పట్నం ఉండేది. దాని పేరు జంటరేవుల పట్నం. సగం ఊరు తూర్పు ఒడ్డున, సగం ఊరు పడమటి ఒడ్డున. నడుమ వంతెన లేదు. పడవవాళ్ళు మంచివాళ్ళే గాని, గాలి వీచినా, వాన పడినా, వాళ్ళింట్లో పెళ్ళయినా పడవ కదిలేది కాదు.

అందుకని ఆ ఊళ్ళో ఇంటింటికీ ఒక పలికే పక్షి ఉండేది. చెప్పాల్సిన మాట దాని ముందు ఒక్కసారి చెబితే చాలు. అది ఎగిరి అవతలి ఇంటికి వెళ్ళి, చెప్పినవాళ్ళ గొంతుతోనే ఆ మాట అప్పజెప్పేది. "వదినా, చింతపండు ఉందా?" అని ఇక్కడ అడిగితే, అక్కడ వదినగారి వసారాలో వాలి అదే గొంతుతో, అదే సాగదీతతో, చివరన దగ్గుతో సహా అడిగేది.

మాట మోసుకొచ్చిన పక్షి ఎవరిదైనా సరే, దానికి ఒక జామపండు ముక్క పెట్టి పంపడం ఆ ఊరి ఆచారం. ఆ ముక్క ఎవరు పెట్టాలని పిల్లలు కొట్టుకునేవాళ్ళు.

తూర్పు ఒడ్డున ఏకాంబరశెట్టి చిలకల్ని పెంచి అమ్మేవాడు. చాలా ఏళ్ళు ఊరంతటికీ ఆయన అంగడి ఒక్కటే. తరువాత పడమటి ఒడ్డున చెంగమ్మ అనే ఆవిడ గోరింకల్ని పెంచి అమ్మడం మొదలుపెట్టింది. చిలకా గోరింకల్లా ఉండండి అని కొత్త దంపతుల్ని దీవించే ఆ ఊళ్ళో, చిలకల శెట్టికీ గోరింకల చెంగమ్మకీ మాత్రం పడేది కాదు.

శెట్టి చెడ్డవాడు కాడు. మీరు తొందరపడి తిట్టుకుంటారని ఈ మాట ముందే చెబుతున్నాను. చలికాలంలో గుడ్డులోంచి వచ్చిన పిల్లల్ని తన పంచె మడతలో పెట్టుకుని వెచ్చగా నిద్రపుచ్చిన మనిషి. ఆయనకి ఒక్కతే కూతురు, అలివేలు. చిన్నప్పుడు ఆమె తన చేత్తో మెత్తటి అన్నం తినిపించి పెంచిన చిలక మాణిక్యం. ఆ ఇంట్లో మాణిక్యాన్ని ఎవరూ పక్షి అనేవారు కాదు. పాపం శెట్టికి ఉన్నది ఒక్కటే బలహీనత. రెండోవాడు అనిపించుకోవడం ఆయన వల్ల కాదు.

చెంగమ్మ తన గోరింకల కాలికి ఒక మువ్వ కట్టింది. వంటింట్లో ఉన్న ఇల్లాలికి కూడా పక్షి వచ్చిన సంగతి తెలియాలని. ఊరికి అది నచ్చింది. వెంటనే శెట్టి తన చిలకలకి రెండు మువ్వలు కట్టించాడు. జనం మళ్ళీ గోరింకల్నే అడిగేసరికి మెడకి వెండి గొలుసు వేయించాడు. అదీ చాలదని నెత్తిన జరీ కుచ్చు పెట్టించాడు. ఇన్ని నగలతో పాపం చిలకలు నది సగం వరకే ఎగరగలిగాయి. ఒక చిలకైతే దారిన పోయే పడవ మీద వాలి, జనంతో పాటు రేవులో దిగి, నడుచుకుంటూ వెళ్ళి మాట చెప్పింది. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ పూట శెట్టికి అన్నం సహించలేదు.

నగలు తీయించేసి ఆయన రెండో ఎత్తు వేశాడు. చిలక ఊరికే, పంజరం ఊరికే అని దండోరా వేయించాడు. ఊరికే వస్తే ఎవరు కాదంటారు? రెండు ఒడ్డుల జనమూ ఎగబడి తీసుకెళ్ళారు. తీరా ఇంటికెళ్ళాక తెలిసింది, ఆ చిలకలు శెట్టి అంగడిలో దొరికే పసుపు రంగు గింజలు తప్ప మరేమీ తినవని. పుట్టినప్పటి నుంచి వాటికి ఆ ఒక్క రుచే అలవాటు చేశాడు. ఆ గింజలు మాత్రం ఊరికే రావు.

అన్నిటికన్నా పిల్లలకి కష్టం కలిగింది. జామపండు ముక్క పట్టుకుని చెయ్యి చాపితే చిలక మొహం తిప్పుకునేది. కొన్నాళ్ళు చాపారు. తరువాత మానేశారు. ఆ వెనక పెద్దవాళ్ళు పెరటి జామచెట్లకి నీళ్ళు పోయడం కూడా మానేశారు.

ఇంత చేసినా గోరింకలు ఇంకా కొన్ని ఇళ్ళలో మిగిలే ఉన్నాయి. అప్పుడు శెట్టి మూడో ఎత్తు వేశాడు. అది చాలా తెలివైన ఎత్తు. తెలివైనది కనకే నాకు తలుచుకుంటే బాధ.

ఎర్ర రంగు పూసిన కొయ్యలు చేయించాడు. పక్షి వాలడానికి వసారాలో వేలాడదీసే కొయ్యలు అవి. చిలక పిల్ల ఆ ఎర్రకొయ్య మీద కూర్చుని పలికితేనే గింజలు. వేరే ఎక్కడ పలికినా ఆ పూటకి పస్తు. ఇలా నేర్పగా నేర్పగా శెట్టి చిలకలు ఎర్రకొయ్య లేని ఇంట్లో నోరు విప్పడం మరిచిపోయాయి. మాణిక్యం కూడా మరిచిపోయింది. పైగా, "గోరింకలు వస్తే చిలకలు బెదురుతాయి, కనబడితే తోలేయండి" అని శెట్టి కొనేవాళ్ళందరికీ చెప్పి పంపాడు.

ఇంక ఏముంది. చుట్టాల మాట వినాలంటే ఎర్రకొయ్య ఉండాల్సిందే. గోరింక ఉన్న ఇంటికి మాట రాదు, ఆ ఇంటి నుంచి మాట పోదు. పెళ్ళిచూపుల్లో కూడా అదే అడగడం మొదలుపెట్టారు.

"పిల్ల చక్కగా ఉంది, మాటా మంచిదే. కానీ వాళ్ళది గోరింక ఇల్లటండీ" అని పెదవి విరిచేవాళ్ళు.

పడమటి ఒడ్డున చెంగమ్మ అంగడి బోసిపోయింది. ఇరుగుపొరుగు వచ్చి సలహా చెప్పారు. "నువ్వు కూడా నీలికొయ్య పెట్టెయ్యి చెంగమ్మా. నీ పక్షులు నీలికొయ్య మీదే పలకాలి. దెబ్బకి దెబ్బ."

చెంగమ్మ ఒళ్ళో ఉన్న గోరింక రెక్క సవరించింది. "అలా చేస్తే ఊళ్ళో సగంమంది మిగతా సగంతో మాట్లాడలేరు కదమ్మా. నేను బతకొచ్చు. కానీ నేను ఈ పని పెట్టుకున్నది మాట చేరవెయ్యడానికి. అదే ఆపేస్తే ఇంక నాకు ఈ పక్షులెందుకు?" అంది.

ఆవిడ నీలికొయ్య చేయించలేదు. తన గోరింకలకి కొత్తగా ఒక్క అలవాటు నేర్పింది. వెళ్ళిన ఇంట్లో తోలేస్తే వెంటనే తిరిగి రాకూడదు, మూడుసార్లు ప్రయత్నించాలి. అప్పటికీ వినకపోతే తిరిగొచ్చి, పంపినవాళ్ళ ముందు వాలి, "చెప్పలేకపోయాను" అని ఉన్నమాట చెప్పాలి. శెట్టి చిలకలకి ఆ అలవాటు లేదు. పలికినా పలకకపోయినా ఇంటికొచ్చి గింజలు తినేవి. మాట చేరిందనే ఇంట్లోవాళ్ళు అనుకునేవారు.

ఈ సంగతి విని శెట్టి నవ్వాడు. "ఓడిపోయానని తనే చెప్పుకునే పక్షిని ఎవరు కొంటారు?" అన్నాడు. నిజమే, ఎవరూ కొనలేదు. చెంగమ్మ తను తాగే పాలు మానేసి ఆ డబ్బుతో పక్షులకి మేత తెచ్చేది. వానలు తగ్గాక పంజరాలన్నీ తెరిచి వాటిని వదిలేద్దామని మనసులో అనుకుంది. ఆ సంగతి పక్షులకి చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.

ఇంతలో అలివేలుకి నెలలు నిండాయి. ఆమెను ఇచ్చింది పడమటి ఒడ్డునే, చెంగమ్మ ఇంటికి నాలుగిళ్ళ అవతల. తొలిచూలు పురుడు పుట్టింట్లో పోయడం ఆనవాయితీ కదా. మంచిరోజు చూసి, ఆ వేళ పొద్దెక్కాక పడవలో తూర్పు ఒడ్డుకి రావాలని పెద్దలు నిశ్చయించారు. పడవకి పసుపూ కుంకుమా పూసి బంతిపూల దండ కట్టారు.

ఆ పొద్దున్నే ఎగువ ఊరి సరంగు ఒకడు తన పడవని తూర్పు రేవులో కట్టేసి పరుగున వచ్చాడు. "శెట్టిగారూ, కొండల్లో రాత్రంతా కుంభవృష్టి. మధ్యాహ్నానికి నది విరుచుకు పడుతుంది. ఈ పూట ఎవరూ పడవ దింపకండి" అన్నాడు. నది చూస్తే ఇంకా నిదానంగానే ఉంది. చెబితే తప్ప అవతలి ఒడ్డువాళ్ళకి తెలిసే దారి లేదు.

శెట్టి లోపలికి పరుగెత్తాడు. మాణిక్యాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "అలివేలూ, పడవ ఎక్కకు తల్లీ. వరద వస్తోంది. పడవ ఎక్కకు" అని చెప్పి వదిలాడు. ఆ పొద్దున తూర్పు ఒడ్డు నుంచి ఇంకా ఎన్నో చిలకలు అదే మాట మోసుకుని ఎగిరాయి.

పిల్లలూ, ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చిలకలు ఊరికే పంచినప్పుడు శెట్టికి చాలా ఖర్చయింది. ఆ ఖర్చు రాబట్టుకోవడానికి కొయ్యలకి లక్కరంగు మానేసి ఎర్రమట్టి పూయించాడు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. వారం రోజులుగా పడుతున్న ముసురుకి ఊరంతటా ఆ మట్టి కారిపోయింది. ఎర్రకొయ్యలన్నీ వట్టి కొయ్యలయ్యాయి. శెట్టి కూతురి వసారాలో కొయ్య కూడా అలాగే అయింది.

మాణిక్యం వచ్చి దాని మీద వాలింది. అలివేలు సంతోషంగా ఎదురొచ్చి, "ఏం చెప్పారు నాన్న?" అంది. మాణిక్యం ముక్కు తెరిచింది. మూసింది. కాళ్ళ కింద ఎరుపు లేదు. దానికి గొంతు పెగలలేదు. ఒక చెయ్యంత దూరంలో తనని పెంచిన పిల్ల నిలబడి ఉంది, చెప్పాల్సిన మాట గొంతులో ఉంది, అయినా నోరు రాలేదు. ఎగిరి ఆమె భుజం మీద వాలింది. పైటకొంగు ముక్కున పట్టి ఇంట్లోకి లాగింది. మళ్ళీ లాగింది.

"ఆకలేమో, ఊరుకో అమ్మాయ్. వర్జ్యం వస్తుంది, బయల్దేరాలి" అంది అత్తగారు.

"ఆకలి కాదత్తయ్యా. ఇది నా దగ్గర పెరిగింది. ఏదో చెప్పాలని వచ్చింది" అంది అలివేలు. కాసేపటికి మాణిక్యం అలిసిపోయి, తల వాల్చుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అలివేలుకి మనసు నిలవలేదు. బరువైన కాళ్ళతో చెంగమ్మ గడప దాకా నడిచింది.

"చెంగమ్మత్తా, మా నాన్న నీకు చేసింది నాకు తెలుసు. అడగడానికి మొహం చెల్లడం లేదు. ఒక్క గోరింకనిస్తావా?"

చెంగమ్మ ఆమెను ముందు పీట మీద కూర్చోబెట్టింది. చెమట తుడిచింది. తన గోరింకల్లో పెద్దదాన్ని తెచ్చి ఆమె ఎదుట నిలిపింది. అలివేలు తన మాట చెప్పాక, దాని చెవిలో, "చిలకల శెట్టిగారి ఇల్లు. తోలేస్తారు. వచ్చెయ్యకు తల్లీ" అంది.

ఇటు మాణిక్యం ఇల్లు చేరింది. శెట్టి దాని తల నిమిరి, గింజలు వేసి, హమ్మయ్య అనుకున్నాడు. అది ఒక్క గింజ ముట్టలేదు. ఆయన గమనించలేదు.

అంతలో మువ్వ చప్పుడైంది. గోరింక వసారాలో వాలింది. "చెంగమ్మ పక్షికి నా ఇంట్లో ఏం పని" అని శెట్టి పైపంచె విసిరాడు. అది ప్రహరీ మీద ఊపిరి తీసుకుని మళ్ళీ వచ్చింది. ఆయన తలుపు మూసేశాడు. అది ఇంటి చుట్టూ తిరిగి వంటింటి కిటికీలో వాలింది. అక్కడ ఆయన భార్య రంగనాయకి కూతురి పురుటికని కాయం మందు దంచుతోంది.

"అమ్మా" అంది గోరింక, అలివేలు గొంతుతో.

రంగనాయకి చేతిలో రోకలి ఆగిపోయింది. "ఏమండీ, ఇలా రండి" అని పిలిచింది. ఆ పిలుపు విని శెట్టి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, నాన్నా. మాణిక్యం వచ్చింది గాని నోరు విప్పలేదు. కొంగు పట్టుకుని లాగి వెళ్ళిపోయింది. ఏమైనా చెప్పాలా? పడవ సిద్ధంగా ఉంది. బయల్దేరుతున్నాం."

శెట్టి మాణిక్యం వైపు చూశాడు. అది గోడ వైపు తిరిగి కూర్చుంది. దాని నోరు కట్టేసింది తన చేతులేనని ఆయనకి అప్పుడు అర్థమైంది. గోరింక ముందు చేతులు జోడించి, చెప్పాల్సిన మాట చెప్పాడు. ఆచారం ప్రకారం ముక్క పెడదామంటే ఆ ఇంట్లో జామపండు లేదు. ఎన్నాళ్ళుగానో లేదు. గోరింక దాని కోసం ఆగలేదు.

శెట్టీ భార్యా రేవుకి వెళ్ళి నిలబడ్డారు. మధ్యాహ్నమైంది. ముందు నీటి రంగు మారింది. తరువాత దూరంగా హోరు వినబడింది. చూస్తుండగానే నది రేవు మెట్లన్నీ మింగేసి ఎర్రగా పొంగి పరుగెత్తింది. చెట్లు కొట్టుకొచ్చాయి. పాకల కప్పులు కొట్టుకొచ్చాయి. వాటి వెనక ఒక పడవ బోర్లా తిరగబడి వచ్చింది. దాని ముక్కుకి బంతిపూల దండ ఉంది.

రంగనాయకి ఏడవలేదు. శెట్టి భుజం పట్టుకుని అలాగే బురదలో కూర్చుండిపోయింది. తన అంగడి, తన కొయ్యలు, ఊళ్ళో తనే మొదటివాడు అన్న పేరు, అన్నీ ఇచ్చేస్తాను, ఒక్క మాట వినిపించమని శెట్టి ఆ నదిని అడిగాడు. నది తన దారిన తను పోయింది.

పొద్దు వాలుతుండగా మువ్వ చప్పుడైంది.

తడిసి ముద్దయిన గోరింక ఒకటి తూలుతూ వచ్చి శెట్టి మోకాలి మీద వాలింది. ముక్కు తెరిచింది. దాని నోటి నుంచి మాట రాలేదు. కేరుమని పసిబిడ్డ ఏడుపు వచ్చింది.

గోరింక ఆ ఏడుపు మొత్తం ఏడ్చి, ఆ తరువాత అలివేలు నీరసపు గొంతుతో, "నాన్నా, నీ మనవరాలు. పడవ ఎక్కలేదు. తాడు తెంచుకుని అదే పోయింది" అంది. చివరగా చెంగమ్మ గొంతు వినిపించింది. "శెట్టిగారూ, తల్లీ బిడ్డా క్షేమం. మీ మాట నా గోరింకలు గడప గడపకీ చెప్పాయి, ఈ ఒడ్డున అందరూ మెట్టకి చేరారు. ముందు దీనికి ఒక ముక్క పెట్టండి, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు."

అప్పుడు ఏడ్చింది రంగనాయకి. శెట్టి మాత్రం గోరింకని గుండెకి హత్తుకుని, వానలో తడుస్తూ ఇల్లిల్లూ తిరిగాడు. "అమ్మా, ఒక్క జామపండుంటే పెడతారా?" అని అడిగాడు. ఎవరింట్లోనూ లేదు. ఊరందరి చేతా ఆ ముక్క మాన్పించింది తనే కదా. చివరికి వీధి మలుపులో, గోరింక ఇల్లని ఎవరూ పలకరించని ఒక ముసలమ్మ తన పెరట్లోంచి ఒక దోరకాయ తెచ్చి ఇచ్చింది. శెట్టి దాన్ని ముక్కలు చేసి తన చేత్తో తినిపించాడు.

నది తగ్గాక శెట్టి ఎగువ ఊరి నుంచి తెప్పించిన జామపళ్ళు పడవ నిండా వేసుకుని పడమటి ఒడ్డుకి వెళ్ళాడు. ముందు కూతురి దగ్గరికి కాదు, చెంగమ్మ గడపకి వెళ్ళాడు.

"చెంగమ్మా, నేను నీ దారి మూసేశాననుకున్నాను. నా బిడ్డ దారి కూడా అదేనని తెలుసుకోలేదు. నా చిలకలకి మళ్ళీ నోరు నేర్పుతావా?" అన్నాడు.

"నేర్పుదాం శెట్టిగారూ. మీరు కూడా రండి. పక్షిపిల్లల్ని పంచెలో పెట్టి వెచ్చగా పెంచడం నాకు ఇంకా సరిగా చేతకాలేదు" అంది చెంగమ్మ.

ఊళ్ళో కొయ్యలన్నీ ఏరి తెచ్చి, పసిదాని స్నానానికి వేడినీళ్ళు కాచే పొయ్యిలో పెట్టారు. జనం మళ్ళీ గోరింకల కోసం చెంగమ్మ అంగడి ముందు బారులు తీరారు. పంజరాలు తెరిచి వదిలేద్దామన్న ఆలోచన ఆవిడ ఇంకెప్పుడూ చెయ్యలేదు. చిలకలు గోరింకల పక్కన కూర్చుని మెల్లగా ఒక్కొక్కటే నోరు విప్పాయి. జామపండు రుచి మళ్ళీ మరిగాయి. ఒక్క మాణిక్యం మాత్రం పలకలేదు. పగలంతా పాప ఉయ్యాల పక్కనే మౌనంగా కూర్చునేది.

పాపకి అన్నప్రాశన చేసిన రోజున అందరూ ఉన్నారు. శెట్టి ఉయ్యాల ఊపుతున్నాడు. చెంగమ్మ జామపండు కోస్తోంది. ఒక చిన్న ముక్క పాప గుప్పిట్లో పెడితే, ఆ పిల్ల దాన్ని నోట్లో పెట్టుకోకుండా పక్కనున్న మాణిక్యం వైపు చాపింది. మాణిక్యం చాలాసేపు ఆ చిన్న చెయ్యి వైపు చూసింది. వంగి ముక్క అందుకుని తింది. ఆ తరువాత ఉయ్యాల గొలుసు మీదకి ఎక్కి, అలివేలు వైపు తిరిగి, శెట్టి గొంతుతో, ఆ పొద్దుటి భయంతో సహా పలికింది.

"అలివేలూ, పడవ ఎక్కకు తల్లీ. వరద వస్తోంది. పడవ ఎక్కకు."

ఇన్నాళ్ళూ ఆ మాట దాని గొంతులోనే ఉంది.

అలివేలు లేచి వచ్చి దాన్ని చెంపకి ఆనించుకుంది. "ఎక్కలేదురా మాణిక్యం, ఎక్కలేదు" అంది. శెట్టి పైపంచెతో మొహం కప్పుకున్నాడు.

అందుకే పిల్లలూ, పోటీలో గెలవాలనుకుంటే నీ పని ఇంకా బాగా చెయ్యి గాని ఎదుటివారి దారి మూయకు. ఆ దారిన రావాల్సినవాళ్ళలో నీవాళ్ళు కూడా ఉంటారు.